కుచ్చిళ్ళు నేలకి తగిలిన వేసవి

కాలువ కట్టేసిన వారంలోనే నేను కాపరానికి వచ్చాను. పామర్రుకి కోసెడు దూరంలో ఉన్న మా అత్తవారి నేత వీధికి మామూలు రోజుల్లో అయితే బెజవాడ నుంచి పడవలో హాయిగా రావచ్చు. వేసవిలో ఆనకట్ట దగ్గర తలుపులు దించేసి, కాలువలు ఎండగట్టి, పూడిక తీస్తారు. అందుకని కొత్త పెళ్ళికూతుర్ని బొగ్గు బస్సు ఎక్కించారు. యుద్ధం పెట్రోలంతా తాగేయడంతో, ఆ రోజుల్లో బస్సుల వెనక పెద్ద బొగ్గుల పొయ్యి తగిలించి నడిపేవాళ్ళు. బెజవాడలో తెల్ల చొక్కాతో ఎక్కిన మా ఆయన మల్లేశ్వరరావు గారు పామర్రులో దిగేసరికి ఆ చొక్కా రంగుకి పేరు లేదు. నేను పకపకా నవ్వితే, "నీ ముక్కు కూడా చూసుకో" అని జేబులోంచి చిన్న అద్దం తీసి చూపించారు. మగవాడు జేబులో అద్దం పెట్టుకుని తిరగడం నేనెప్పుడూ చూడలేదు.

"నీ కోసమే కొన్నాను. దార్లో కావాల్సి వస్తుందని."

అంతే. ఈ మనిషి పక్కన లేకుండా ఒక్క పూట కూడా ఉండటం నా వల్ల కాదని ఆ బస్సు పొగలోనే తేల్చుకున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ వేసవంతా నేను పగబట్టి ఉన్నది ఇందుకోసమే.

మాదీ మగ్గం కులమే. కాకపోతే మా నాన్న మగ్గం దిగి బెజవాడలో బడిపంతులయ్యారు, నన్ను బందరు కాలేజీలో ఇంటరు చదివించారు. మా మామగారు పాండురంగయ్య గారు మగ్గం దిగలేదు. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కే మగ్గాలు రెండున్నాయి ఇంట్లో. ఆయన నేసిన చీర అంటే పామర్రు బజారులో చెయ్యి పెట్టి తడిమి మరీ కళ్ళకద్దుకునేవాళ్ళు. పడుగుకి, అంటే మగ్గం మీది నిలువు పోగులకి, గంజి పట్టించే రోజున వీధి పొడుగునా నూలు చాచి కడతారు. మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు తెల్లవారగానే వచ్చి మగవాళ్ళతో సమానంగా పని చేస్తారు. మా ఇంట్లో అది లేదు. 'పాండురంగయ్య ఇంటి ఆడది పడుగు దగ్గరికి రాదు' అన్నది ఆ ఇంటి పరువు. కిటికీ లేని వెనక గదిలో రాట్నం ముందు కూర్చుని మేము నూలు కండెలు చుట్టాలి.

ఆ పరువుకి కాపలా చౌడేశ్వరమ్మ గారు. మా మామగారి అక్క. పసితనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. వరసకి నాకు పెద్దమ్మ. తెల్ల చీర కట్టుకుని, పాలు కాగే దాలిగుంట పక్కన పీట వేసుకుని, పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా అక్కడే ఉండేది. పడుగు రోజున మాత్రం వీధి అరుగు మీద కూర్చుని కాపలా కాసేది. రెండు గేదెల పాలు పిడకల సెగ మీద ఎర్రగా కాగుతుంటే ఆ వాసనకి వెనక గదిలో రాట్నం తిప్పే చెయ్యి దానంతటదే ఆగిపోయేది.

వచ్చిన మర్నాడు నేను గ్లాసు పట్టుకుని వెళ్ళాను.

"ఏంటమ్మాయ్, ఆ గ్లాసు?"

"పాలకండీ పెద్దమ్మ గారూ. పొద్దున్నే తాగే అలవాటు."

"ఈ ఇంట్లో పాలు మగ్గం తొక్కే కాళ్ళకి. కండెలు చుట్టే చేతులకి గంజి చాలు. కాలేజీలో ఈ పాఠం చెప్పలేదేం?"

వెనకనుంచి ఎవరో నా కొంగు లాగారు. మా అత్తగారు వెంకటరావమ్మ గారు. ఆవిడ ముఖం చూడాలంటే నేను కొంచెం వంగాలి, అంత గూని. "పోనీలేమ్మా, మజ్జిగ ఉందిగా" అంది. ఆ మజ్జిగలో వెన్న ఎప్పుడో పోయింది, మజ్జిగ కూడా పోయింది, తెల్లటి నీళ్ళు మిగిలాయి.

అయినా ఆ రోజుల్లో నాకు ఏదీ పెద్ద కష్టంగా తోచలేదు. మా ఆయన పామర్రు నేత సొసైటీ ఆఫీసులో పని చేసేవారు. సాయంత్రం సైకిలు గంట వినబడితే చాలు, నా చేతిలో పోగు తెగేది. తాటిముంజెలు తెచ్చేవారు. బొటనవేలు గుచ్చి నీళ్ళు చిమ్మకుండా తినడం నేర్పుతానని చెప్పి, ప్రతిసారీ నా ముఖం మీదే చిమ్మేవారు. చల్లబడ్డాక ఎండిన కాలువలోకి దిగి నడిచేవాళ్ళం. నీళ్ళున్నప్పుడు పడవలు పోయే చోట, తల మునిగే లోతులో, చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరం! కాలువ అడుగు నుంచి ఆకాశం చూసిన పెళ్ళికూతురు ఎవరైనా ఉందేమో నాకు తెలీదు.

వైశాఖం సగంలో ఆ రోజు వచ్చింది.

వీధిలో పడుగు చాచి ఉంది. అత్తయ్య గంజి తప్పేలా పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళింది. గుమ్మం అవతల నుంచి మగవాళ్ళు అందుకోవాలి. ఉగాదికి మామగారు నేసి ఇచ్చిన కొత్త చీర ఆవిడ ఒంటి మీద ఉంది. కుచ్చిళ్ళు నేల మీద ఈడుస్తున్నాయి. కాలు వాటి మీద పడింది. ఎత్తునుంచి పడలేదు, జారి దొర్లలేదు. నిలబడ్డ చోటే చెయ్యి ఆన్చి కూలబడింది. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. మణికట్టు వంకర తిరిగిపోయింది.

మామగారు పరిగెత్తుకొచ్చారు. భార్య చెయ్యి విరిగితే ఇంకెవరైనా చెయ్యి చూస్తారు. ఆయన చీర చూశారు. నేలమీద పడి ఉన్న అంచు వేళ్ళతో పైకెత్తి, "అచ్చు! హనుమయ్య గాడు అచ్చు వెడల్పు కట్టాడు!" అని కేక పెట్టారు. అచ్చంటే మగ్గానికి దువ్వెన లాంటిది, బట్ట ఎంత వెడల్పు రావాలో దాన్ని బట్టే. పాతది అరిగిపోతే నిరుడు హనుమయ్య చేత కొత్తది కట్టించారట. "నూలు దొరక్క చస్తుంటే వెడల్పు కట్టి నా నూలు తగలేసి, నా ఇంటిదాని చెయ్యి విరగ్గొట్టాడు!"

"అచ్చూ లేదు, గిచ్చూ లేదు" అంది పెద్దమ్మ గారు అరుగు మీద నుంచి. పడుగు పట్టుకున్న వీధంతా అటు తిరిగింది. "ఇన్నేళ్ళలో దాని ఎముక ఎప్పుడన్నా విరిగిందా? కొత్త పాదం లోపలికొచ్చింది, పాత ఎముక విరిగింది. కాలువకి నీళ్ళు వదలనీ. మొదటి పడవలో సామానంతా పెట్టి దీన్ని పుట్టింటికి పంపించండి. జాతకం మళ్ళీ చూపించి, శాంతి చేయించి, ఆ తర్వాత సంగతి ఆలోచిద్దాం."

సామానంతా! అంటే మళ్ళీ రావడానికి కాదు.

"అత్తా, అదేం మాట!" అన్నారు మా ఆయన.

"నువ్వూరుకోరా. ఈ మధ్య నీకు ముంజెలు తప్ప ఇంకేం కనబడుతున్నాయి?"

వీధి నవ్వింది. అక్క మాటకి మామగారు ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగరు. ఆ పూటనుంచి నేను ఏ పడుగు పక్కనుంచి నడిచినా, నడిచిన చోట ఎవరో ఒకరు దోషం పోవాలని నీళ్ళు చల్లేవాళ్ళు.

నాకొక గుణముంది. నన్ను తిట్టినవాళ్ళని మర్చిపోను. తిట్టేటప్పుడు ఏ చెంబు చేతిలో ఉందో కూడా గుర్తుంటుంది. ఆ రోజే అనుకున్నాను: ఏ వీధిలో అన్నదో, ఆ వీధి వినేలా, ఆ నోటితోనే ఆ మాట మింగించాలి. నీళ్ళొచ్చేలోపు.

ఊళ్ళో కట్టు కట్టిస్తామన్నారు. మా ఆయన మొదటిసారి మొండికేసి, అత్తయ్యని బెజవాడ తీసుకెళ్దామన్నారు. నేనూ బయల్దేరాను. మా పుట్టింటి వీధి మొగదల నుంచే బస్సు వెళ్ళింది. నేను తల తిప్పలేదు. ఇందులో ఒక్క ముక్క మా నాన్న చెవిన పడినా, పడవ దాకా ఆగకుండా నన్ను అక్కడే ఉంచేసుకుంటారు.

ఆసుపత్రిలో డాక్టరు సంపూర్ణమ్మ గారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూసే మనిషి. చేతికి ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ము కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అత్తయ్య వీపు మీద, మెడ దగ్గర్నుంచి కిందిదాకా, వెన్నుపూసలు ఒక్కొక్కటీ నొక్కుతూ వచ్చింది.

"పిల్లలెంతమందమ్మా?"

"ఆరుగురండి. ఆడపిల్లలు ఐదుగురూ కాపురాలకి వెళ్ళిపోయారు. అందరికీ నా పాలే పట్టాను."

"మీరు తాగిన పాలో?"

అత్తయ్య నావంక చూసి, "మజ్జిగ తాగుతానండి" అంది.

"నేతవాళ్ళంటున్నారు కాబట్టి మీకు అర్థమయ్యేట్టు చెబుతాను. బట్టలోంచి మధ్య మధ్య పోగులు లాగేస్తే ఎలా ఉంటుంది? పైకి బట్టే. చెయ్యి పెడితే చిరుగుతుంది. మీ ఎముకలు అలా గుల్లబారాయి. ఎముకంటే రాయి కాదమ్మా, అది బతికున్నదే. రోజూ కొంచెం కరుగుతుంది, రోజూ కొంచెం కొత్తగా పోసుకుంటుంది. పోసుకోవడానికి సున్నం కావాలి."

"సున్నమా? తాంబూలంలో వేసుకుంటున్నాగా అండీ" అంది అత్తయ్య అమాయకంగా.

డాక్టరమ్మ నవ్వితే కళ్ళజోడు ఒళ్ళో పడింది. "ఆకుకి గోటితో రాసిన సున్నం ఆరుగురు పిల్లలకి ఎక్కడ చాలుతుంది తల్లీ? కడుపులో బిడ్డ తన ఎముకకి కావలసింది మీ ఒంట్లోంచే లాక్కుంటుంది. తర్వాత పాలలో పోతుంది. మీరు పాలూ పెరుగూ తిని అది పూడ్చుకోవాలి. పూడ్చుకోలేదు. ముట్లుడిగాక కరిగేదే ఎక్కువ, పోసుకునేది తక్కువ. అదీగాక, ఒంటికి ఎండ తగలకపోతే తిన్న సున్నం కూడా ఎముకకి పట్టదు. పనెక్కడ చేస్తారు?"

"వెనక గదిలోనండి."

"నడక?"

"ఎక్కడికి వెళ్తామండీ మేము?"

నేను ఉండబట్టలేక, చీర నేలకి తగలడం, అచ్చు వెడల్పయిందని మామగారు అనడం చెప్పాను.

"అచ్చు కాదమ్మా, మనిషి కుంగింది. వెన్నుపూసలు గుల్లబారి ఒకదాని మీద ఒకటి అణిగాయి. పక్కటెముకలు తుంటి మీదికి దిగాయి. నడుమనే చోటే లేకపోతే చీరకట్టు కిందికి జారదూ? వంగిన మనిషికి కుచ్చిళ్ళు ముందు నేలకి తగలవూ?"

అసలు ప్రశ్న అప్పుడడిగాను. "ఇదంతా నెలా రెండు నెలల్లో అవుతుందాండీ? అంటే, ఇంట్లోకి ఎవరైనా కొత్తగా వస్తే..."

డాక్టరమ్మ నా పసుపుతాడు చూసింది. ఆవిడకి అర్థమైంది. "ఏళ్ళు పడుతుంది. నువ్వు పరికిణీలు కట్టుకునే రోజుల్లోనే మొదలై ఉంటుంది."

అంత దిగులు మాట విని అంత సంతోషించిన మనిషి ఆ ఆసుపత్రిలో ఇంకొకరు ఉండి ఉండరు.

పోయిన ఎత్తు తిరిగి రాదని చెప్పింది. ఇకముందు కుంగకుండా ఆపుకోవచ్చట. పాలు, పెరుగు, నువ్వులు, రాగి జావ, మునగాకు. పొద్దుటెండలో కూర్చోవడం, రోజూ నడవడం, కాలికి అడ్డం పడేవన్నీ తీసేయడం. చేపనూనె కూడా ఇస్తానంటే అత్తయ్య "శివశివా!" అని చెవులు మూసుకోబోయి, ఒక చేతికి కట్టుండటంతో ఒక చెవే మూసుకుంది. "సరే, ఎండే తాగండి" అంది డాక్టరమ్మ. "కట్టు విప్పడానికి వచ్చేటప్పుడు ఆ బొగ్గు బస్సులో కుదుపుకుంటూ రాకండి. అప్పటికి నీళ్ళొస్తాయిగా, పడవలో రండి. ఏమ్మాయ్, నువ్వు రోజూ పాలు తాగుతున్నావా? ఎముకలో సున్నం నిండేది నీ వయసులోనే. తర్వాత చేసేదంతా ఉన్నది కాపాడుకోవడమే."

"గంజి తాగుతున్నానండీ" అన్నాను.

బయటికొచ్చాక మా ఆయన కాఫీ హోటలుకి తీసుకెళ్ళి మా ఇద్దరికీ పాలు చెప్పారు. అత్తయ్య ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని, సగం దాకా ఆపకుండా తాగి, మీగడ పెదవి మీద అలాగే ఉండగా అంది: "నా సంగతి అయిపోయింది. నిన్ను మాత్రం ఇలా కానివ్వను."

ఆ మీగడ చూస్తూ నా పగకి ఇంకొక మెట్టు కట్టుకున్నాను. ఇప్పుడది నా ఒక్కదాని పగ కాదు.

మళ్ళీ పడుగు పట్టే రోజుకి మామగారు హనుమయ్యని పిలిపించారు. వీధి మధ్య నిలబెట్టి నలుగురిలో కడిగెయ్యాలని. హనుమయ్య బక్కపలచటి మనిషి, తలపాగా చేతిలోకి తీసుకుని, "కొలత మారలేదు బాబూ, మా నాయన కట్టిన పాత అచ్చు పక్కన పెట్టుకునే కట్టాను" అంటున్నాడు. "ఆ పాతది చూపించు మరి!" "పొయ్యిలో పెట్టేశానే బాబూ!" జనం నవ్వుతున్నారు.

అత్తయ్య పెట్టె తీసి, అడుగునుంచి ఒక చీర నా చేతిలో పెట్టింది. ఆవిడ పెళ్ళి చీర. పెళ్ళి కుదిరాక, పిల్ల ఎంత పొడుగుంటుందని మామగారు మనిషిని పంపి కనుక్కుని, అంచు మడమకి తగిలీ తగలనట్టుండాలని తన చేత్తో నేసిన చీర.

నేను గుమ్మం దాటి వీధిలోకి వచ్చాను.

"అమ్మాయ్! లోపలికి!" అరుగు మీద నుంచి పెద్దమ్మ గారు.

"వస్తానండీ పెద్దమ్మ గారూ. ఒంటికి ఎండ తగలాలని డాక్టరమ్మ చెప్పింది."

అరుగు మీద చాప పరిచి, పాత చీర పరిచాను. దాని మీద ఉగాది చీర పరిచాను. అంచు మీద అంచు పెట్టి, అటువైపు అంచు మామగారి చేతికిచ్చాను. ఆయన బొటనవేలితో రెండు అంచులూ కలిపి నొక్కి, ఈ కొస నుంచి ఆ కొస దాకా జరుపుకుంటూ పోయారు. నేత ఆయనది. ఆ వేళ్ళకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఒక్కటే పన్నా, వెడల్పులో పోగంత తేడా లేదు" అన్నారు.

"చూశారా! చూశారా!" హనుమయ్య తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

మామగారు గుమ్మంలో ఉన్న అత్తయ్య దగ్గరికి వెళ్ళి, ఆవిడ పాదాల దగ్గర గొంతుకూర్చుని, నేలమీద పడిన అంచుని నాలుగు వేళ్ళతో కొలిచారు. బెత్తెడు. ఆయన పైకి చూశారు.

"ఇంత ఎప్పుడు తగ్గిపోయావే?"

"మీరు చీరే చూసేవారు కదండీ" అంది అత్తయ్య.

ఆ మాట అంత మెల్లగా అన్నా, పడుగు చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినబడింది.

నేను ఎముకల సంగతంతా గట్టిగా చెప్పాను. గంజి, మజ్జిగనీళ్ళు, కిటికీ లేని గది, ఏదీ వదల్లేదు. ఇది ఏళ్ళ తరబడి జరిగిందని, ఏ పాదమూ నెలలో చెయ్యలేదని చెప్పాను. ఆఖర్న అరుగు వైపు తిరిగాను. ఎంత తియ్యగా మాట్లాడానో నాకే ఆశ్చర్యం.

"పెద్దమ్మ గారూ, మీ చీరలు కూడా ఈ మగ్గం మీదవే కదండీ. ఒక్కసారి లేచి నిలబడతారా?"

ఆవిడ లేవలేదు. చెయ్యి మాత్రం నడుం దగ్గరికి వెళ్ళింది. అక్కడ చీర లావుగా చుట్టచుట్టి దోపి ఉంది. అయినా కింది అంచు మట్టికొట్టుకుని, దారాలు లేచి ఉంది. వీధంతా చూసింది. కాసేపటికి ఒకామె పడుగు మీద గంజి కుంచె మళ్ళీ ఆడించడం మొదలుపెట్టింది.

మర్నాటినుంచి దాలిగుంట పక్కన పీట నాది. మామగారు చెప్పింది ఒక్కటే మాట: "ముందు ఆడవాళ్ళకి పొయ్యమ్మా. మా కాళ్ళు ఎలాగో తొక్కుతాయి."

మొదటి గ్లాసు అత్తయ్యకి, రెండోది నాకు. మూడోది పట్టుకెళ్ళి పెద్దమ్మ గారి ముందు పెట్టాను. ఇదే నా ప్రతీకారం, ఎవరెన్ని అనుకున్నా సరే.

"నేను ముట్టను. తీసెయ్."

"ఎందుకండీ?"

ఆవిడ గోడ వంక చూస్తూ చెప్పింది. "ఆయన పోయిన పదోరోజు దాటాక గ్లాసు పట్టుకుని వెళ్ళాను. నీకులాగే. మా అత్తగారు నా చేతిలోంచి గ్లాసు లాక్కుని, మొగుణ్ణి మింగినదానికి పాలెందుకంది. పన్నెండేళ్ళదాన్ని. పాలు లేకుండా నేను బతకలేదా? వీళ్ళు బతకలేరా?"

జాలేసింది. లేదంటే అబద్ధం. కానీ కోపం వెయ్యి వంతుల్లో ఒక వంతు కూడా తగ్గలేదు. ఆ గ్లాసు ఎంత చేదో తెలిసిన మనిషి అదే గ్లాసు నా చేతిలోంచీ, అత్తయ్య చేతిలోంచీ లాక్కుంది. జాలి, కోపం రెండూ ఒకే గ్లాసులో పోసి మళ్ళీ ముందుకు జరిపాను.

"ఆవిడ లాక్కుంది. నేను ఇస్తున్నాను. తాగేదాకా ఇక్కడే కూర్చుంటాను పెద్దమ్మ గారూ, నాకేం తొందర లేదు."

కూర్చున్నాను. మీగడ కట్టింది. ఈగ వాలబోతే తోలాను. చివరికి ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, కషాయం తాగినట్టు తాగింది. "అడుగు కనబడాలండీ" అన్నాను. కనబడింది.

తర్వాత ఎండ. అరుగు మీద చాప వేసి ఇద్దర్నీ వీధి వైపు ముఖం పెట్టించి కూర్చోబెట్టేదాన్ని. నేనూ కండెల బుట్ట తెచ్చుకుని పక్కనే కూర్చునేదాన్ని. వీధిన పోయేవాళ్ళు ఆగి, "ఏమ్మా చౌడేశ్వరమ్మా, ఎండ కాగుతున్నావా?" అని పలకరించేవాళ్ళు. ఆవిడకి ఎండ కంటే ఆ పలకరింపులే ఎక్కువ మండేవి. నాకు కావలసిందీ అదే. అత్తయ్యేమో కొంగు భుజం మీద సర్దుకుని, ఎండలోకి చేతులు చాపి, పిల్లలా ముసిముసిగా నవ్వుకునేది. వీధి చివర గేదెల పాక దాకా రోజూ నాతో నడిచేది. ఆవిడ చీర కింద అంచు బెత్తెడు లోపలికి మడిచి నేనే కుట్టాను.

ఇంత జరిగినా పెద్దమ్మ గారు ఆ మాట వెనక్కి తీసుకోలేదు. పాలు తాగేది, ఎండలో కూర్చునేది, "నీళ్ళు రానీ, పడవ రానీ" అని గొణిగేది. అక్క గొణుగుడు ఆగితే తప్ప మామగారు నిర్ణయం చెప్పరు. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "నువ్వు వెళితే నేనూ అదే పడవ ఎక్కుతాను" అన్నారు. ఎంత బాగుందో ఆ మాట! కానీ నేను అలా వెళ్ళదలుచుకోలేదు. గెలిచి ఉండాలి.

జ్యేష్ఠం చివర్లో ఒక పొద్దున ఆవిడ గేదె కుడితి తొట్టి కొంచెం జరపబోయి, "అమ్మా!" అని అక్కడే ఒరిగిపోయింది. నడుం పట్టేసింది. నిటారుగా నిలబడలేదు. మామగారు ముఖం పాలిపోయి నావంక చూశారు. "ఆ డాక్టరమ్మకి చూపించాలి" అన్నాను. "బస్సు వద్దంది. పడవలో తీసుకెళ్ళాలి."

ఆ వారమే నీళ్ళొదిలారు. ముందు బురద వాసన, ఆ వెనక ఎండుటాకులూ నురగా తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు. మేమిద్దరం నడిచిన అడుగుజాడలన్నీ మునిగిపోయాయి. ఊరంతా గట్టు మీదే ఉంది. మొదటి పడవ రేవుకి చేరినప్పుడు మా ఆయన పెట్టె మోసుకొచ్చారు. నా పెట్టె కాదు, పెద్దమ్మ గారిది. కట్టు విప్పించుకోవడానికి అత్తయ్య ముందే వెళ్ళి పడవలో కూర్చుంది. నేను ఇత్తడి చెంబు నిండా పాలు పట్టుకుని, రెండో చేత్తో పెద్దమ్మ గారిని నడిపించుకుంటూ తెచ్చాను.

గట్టు నుంచి పడవకి వేసిన బల్ల దగ్గర ఆగాను.

"నీళ్ళొచ్చాయండీ. మొదటి పడవా వచ్చింది. ఎవర్ని ఎక్కించమంటారు పెద్దమ్మ గారూ?"

ఆవిడ నీళ్ళ వంక చూసింది. బల్ల వంక చూసింది. సన్నటి బల్ల, కింద సుడులు తిరిగే నీళ్ళు. తన కాళ్ళ మీద తనకే నమ్మకం లేదని ముఖం చెబుతోంది. "ముందు నువ్వెక్కు" అంది చిన్నగా.

"నేనా? నా పాదం..."

"ఎక్కవే."

"వినబడలేదండీ. నీళ్ళ హోరు."

ఆవిడ నన్ను కాల్చేసేలా చూసింది. నేను నవ్వుతూనే ఉన్నాను. గట్టు మీద నేత వీధంతా ఉంది. నడిచిన చోట నీళ్ళు చల్లినవాళ్ళున్నారు, హనుమయ్య ఉన్నాడు, మామగారున్నారు. పెద్దమ్మ గారు ఊపిరి పీల్చుకుని, అరుగు మీద నుంచి అరిచిన ఆ పాత గొంతుతోనే అంది:

"మా ఇంటి కోడలిది మంచి పాదం! అది ముందు పెడితేనే నేనెక్కుతాను!"

చెప్పులు విప్పి మా ఆయన చేతికిచ్చాను. కుడికాలు బల్ల మీద పెట్టాను. పడవ ఊగి, నిలబడింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపితే ఆవిడ మణికట్టు నా చేతిలోకి వచ్చింది. ఎంత తేలిగ్గా ఉందో! గట్టిగా పట్టుకుంటే విరుగుతుందేమోనని నేను కోరుకోని భయం ఒకటి వేసింది. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దింపాను.

పడవ కదిలాక చెంబులోంచి గ్లాసులోకి పాలు వంచాను.

"ఇక్కడ కూడానా!"

"ఇక్కడ కూడానండీ. అడుగు దాకా."

ఆవిడ కళ్ళు మూసుకోకుండా తాగింది. ఖాళీ గ్లాసు తీసుకుని, గట్టు మీద నిలబడ్డ వీధంతటికీ కనబడేలా, నేను దాన్ని తలకిందులుగా పట్టుకున్నాను.